పరశక్తిని గైకొను పాత్ర : పిల్లల ఆటలో ఒక నియమ విచారణ

గత వేసవి సెలవులలో మన పాఠశాల వరండాలో ఎనిమిదిమంది బాలబాలికలు చాపలు పఱచుకొని ఒక క్రొత్త ఆట ఆడిరి. ఆ ఆటకు పటము లేదు, పావులు లేవు, గెలుపోటములును లేవు. ప్రతి బిడ్డ చేతిలో ఒక కాగితము, నడుమ ఇరువది ముఖములు గల పాచిక యొకటి, వారిలో పెద్దవాని యొడిలో ఒక ఆంగ్ల గ్రంథము మాత్రమే యుండెను. మే నెల చివరి వారమున ఆ ఆటలో ఒక తగవు పుట్టినది. తగవు ఇండ్లకు ప్రాకినది. ఆటను మాన్పింపవలెనను మాట కూడ ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రుల నోట వినబడినది. అంతట మేము ఆ గ్రంథమును పిల్లల యొద్దనుండి అడిగి తీసికొని, మూడు నాలుగు రాత్రులు కూర్చుండి చదివితిమి. చదివిన పిమ్మట మాకు తోచినదేమనగా, తగవునకు మూలము ఆట కాదు. ఆటలో నొక పాత్ర మఱియొక పాత్ర శక్తిని గ్రహించు విషయమై యున్న ఒక్క నియమమును పిల్లలు సగము చదివి విడిచిపెట్టుట. ఆ నియమమేమో, అది ఏల అట్లున్నదో, తల్లిదండ్రులకు తేటపఱచుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ జాతి ఆటలు అమెరికా దేశమున పుట్టినవి. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను ప్రకటించిరి. అందు ఆడువాడు తనకై యొక పాత్రను కల్పించుకొని, దాని నోట మాటలాడుచు, అది చేయబూనిన పనిని చెప్పుచుండును. కథను ఒకరు నడుపుదురు. వారిని మనము సూత్రధారి యనవచ్చును. వీధినాటకము చూచి పెరిగినవారికి ఈ ఏర్పాటు క్రొత్త కాదు. భేదమంతయు ఇచ్చటి సూత్రధారికి కూడ కథ ముగింపు తెలియకపోవుటలోనే యున్నది. పాత్ర తలపెట్టిన పని నెఱవేఱునో లేదో యని సందేహము కలిగినచోట పాచిక వేసి తేల్చుకొందురు.

పాచిక యను మాట వినగానే ఒక పెద్దాయన ధర్మరాజును తలచుకొని తల పంకించిరి. ఆయన భయము తప్పు కాదు. కాని ఇందు పణము లేదు, పందెము లేదు. పాచిక పడినంత మాత్రమున ఒకరి సొమ్ము మఱియొకరి చేతికి పోదు. వైకుంఠపాళి ఆడిన ఇంట దీనిని ఆడుటకు అభ్యంతరముండ నవసరము లేదని ఆయనకు మనవి చేసితిమి. ఆయన పూర్తిగా ఒప్పుకొనలేదు గాని, మఱునాడు వచ్చి వరండా చివర కుర్చీ వేసికొని కూర్చుండిరి.

1938లో సూపర్‌మ్యాన్ బొమ్మల కథ వెలువడినది మొదలు, అమెరికాలో అద్భుతశక్తులు గల వీరుల కథలు లెక్కకు మిక్కిలిగా వచ్చినవి. ఆ వీరులను పాత్రలుగా చేసికొని ఆడు ఆటలు 1977లో ‘సూపర్‌హీరో 2044’తో ఆరంభమైనవి. 1979లో ‘విలన్స్ అండ్ విజిలాంటెస్’, 1981లో ‘చాంపియన్స్’, 1984లో మార్వెల్ వీరుల ఆట వరుసగా వెలువడినవి. మన పిల్లలు ఆడునది ‘మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్’ అను ఆట. స్టీవ్ కెన్సన్ అనువారు దీనిని రచింపగా, గ్రీన్ రోనిన్ సంస్థవారు 2002లో తొలిసారి ప్రచురించిరి. పిల్లల చేతిలో నున్నది 2011లో వచ్చిన మూడవ కూర్పు.

ఒకరి శక్తిని మఱియొకరు గ్రహించు పాత్రలు ఆ బొమ్మల కథలలో మొదటినుండియు గలవు. 1960లో అమేజో అను యంత్రపురుషుడు వచ్చెను. అనేక వీరుల శక్తులన్నియు వానిలో చేరినవి. 1963లో వచ్చిన సూపర్ స్క్రల్ నలుగురు వీరుల శక్తులను ఒక్క దేహమున ధరించెను. 1966లో మిమిక్ అను యువకుడు కనబడెను. తన చెంతనున్నవారి శక్తులు వానికి తామే వచ్చును. అదే సంవత్సరమున వచ్చిన పారసైట్ మాత్రము ఎదుటివాని బలమును పీల్చివేయును. 1980లో టాస్క్‌మాస్టర్ అనువాడు వచ్చెను. వీనికి అద్భుతశక్తి యేమియు లేదు, కంటితో చూచిన విద్యను చూచినట్లే చేయగల నేర్పు మాత్రమే కలదు. 1981లో వచ్చిన రోగ్ అను యువతి ఇతరుల దేహమును తాకినచో వారి శక్తులతోపాటు వారి జ్ఞాపకములును ఆమెలోనికి ప్రవహించును. ఆమె ఎవరిని తాకుటకును భయపడుచు బ్రతుకును.

పైకి చూచిన వీరందఱును ఒక్క తెగవారివలె కనబడుదురు. ఆట నియమముల దృష్టిలో వీరు ఒక్క తెగ కారు. ఈ భేదమును పిల్లలకు చెప్పుటకు మాకు అమెరికా కథలకంటె మన కథలే ఎక్కువ ఉపకరించినవి. పౌండ్రక వాసుదేవుడు శంఖచక్రములు ధరించి, తానే వాసుదేవుడనని చాటుకొనెను. అతడు గ్రహించినది వేషమును మాత్రమే. శక్తి రవ్వంతయు రాలేదు. దీనికి ఆటలో వెల కట్టనక్కఱలేదు, కాగితము మీద వేషమును వర్ణించుకొన్న చాలును. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రములో ఘటోత్కచుడు శశిరేఖ రూపమును దాల్చెను. రూపము ఆమెది, బలము తనది. ఇట్టి రూపగ్రహణమునకు ఈ గ్రంథములో ‘మార్ఫ్’ అను వేఱొక శక్తి గలదు. అది రూపమును మార్చును గాని ఒక్క పిడికెడు బలమునైన తెచ్చిపెట్టదు. ఇక సూపర్ స్క్రల్ సంగతి. వాని శక్తులు నాలుగే, అవి మాఱవు. కావున నియమముల ప్రకారము వాడు అనుకరణ చేయువాడే కాడు. నాలుగు శక్తులను వెల యిచ్చి కొనుక్కొన్న సామాన్య పాత్ర. ఎదుట ఎవరుందురో ముందుగా తెలియక, వారి శక్తి యేదైనను దానిని తనదిగా చేసికొను మిమిక్ వంటివాడే అసలు చిక్కు తెచ్చువాడు. మన వరండాలో తగవు తెచ్చిన పాత్రయు అట్టిదే.

ఆ పాత్ర పేరు ‘అద్దం’. ఎనిమిదవ తరగతి బాలుడొకడు దానిని కల్పించుకొనెను. ఏడవ తరగతి బాలిక పాత్ర ‘కొఱవి’. ఆమె చేతులనుండి నిప్పు వెడలును. మఱియొకని పాత్ర ‘డేగ’, అది ఎగురును. ఇంకొక బాలిక పాత్ర ‘బండ’. ఆమె బలము లారీని ఎత్తునంతటిది. ఆనాటి కథలో ఒక కర్మాగారము తలుపు బిగుసుకొనిపోయి లోపల కార్మికులు చిక్కుకొని యుండిరి. ఇనుప తలుపును కరగించుట కొఱవికి తగిన పని. ఆ బాలిక ముందురోజునుండి అట్టి ఘట్టమునకై ఎదురుచూచుచుండెనట. ఆమె వంతు రాకమునుపే అద్దం ఆమె నిప్పును తీసికొని తలుపును కరగించెను, డేగ రెక్కలు తీసికొని లోనికెగిరెను, బండ బలము తీసికొని పడిపోవుచున్న కప్పును మోసెను, కార్మికులను బయటకు తెచ్చెను. తక్కిన ఆరుగురును చూచుచు కూర్చుండిరి. ఆ బాలిక కాగితమును నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసికొని ఇంటికి పోయినది. రెండు దినములు రాలేదు.

మూడవ దినమున ఆ బిడ్డ తల్లి మా యొద్దకు వచ్చి, “అయ్యవారూ, ఆటలో ఓడితే ఏడ్చే పిల్ల కాదు మాది. ‘నేను ఉన్నా లేకపోయినా ఒకటేనమ్మా, నాది కూడా వాడే చేస్తాడు’ అంటా ఉంది. దానికి నేనేం చెప్పేది?” అని అడిగినది. ఆ ప్రశ్నకు మా యొద్ద అప్పుడు సమాధానము లేదు. గ్రంథమును తెఱచినది అందువలననే.

ఈ ఆటలో ప్రతి పాత్రకును ఒక శక్తిస్థాయి యుండును. మన పిల్లలు 10వ స్థాయిలో ఆడుచున్నారు. ఆ స్థాయి పాత్రకు ఇచ్చు మూలధనము 150 పాయింట్లు. బలము, చుఱుకుదనము, బుద్ధి మొదలుకొని నిప్పు వెదజల్లుట, ఎగురుట వఱకు ప్రతిదానిని ఈ ధనముతోనే కొనవలయును. ప్రతి శక్తికిని మెట్లు గలవు, మెట్టునకు ఇంతయని వెల గలదు. దూరమునుండి కొట్టు నిప్పునకు మెట్టునకు 2 పాయింట్లు, ఎగురుటకు 2, దేహబలమునకు 2. కావున కొఱవి 10 మెట్ల నిప్పునకు 20 పాయింట్లు, డేగ 8 మెట్ల ఎగురుటకు 16, బండ 12 మెట్ల బలమునకు 24 ఇచ్చిరి. (ర్యాంకు అను ఆంగ్ల పదమునకు మేము ‘శ్రేణి’ యని సూచించితిమి. పిల్లలు వినలేదు. వారికి మెట్టే నచ్చినది. ఇప్పుడు మాకును అదియే మేలనిపించుచున్నది.)

అనుకరణ చేయు పాత్ర కొనవలసిన శక్తి పేరు గ్రంథములో ‘వేరియబుల్’. పిల్లలు దీనిని మార్పుశక్తి యనుచున్నారు. దీని వెల మెట్టునకు 7 పాయింట్లు. అది ఇచ్చునది మెట్టునకు 5 పాయింట్ల నిధి. ఆ నిధితో, అప్పటికి కావలసిన శక్తిని ఆ పూటకు కొనుక్కొనవచ్చును. వేఱొకటి కావలసివచ్చినచో మునుపటిదానిని విడిచి క్రొత్తదానిని కొనవచ్చును. అద్దం పాత్రధారి 6 మెట్లు కొనెను. ఇచ్చినది 42, చేతికి వచ్చిన నిధి 30.

ఏడు ఇచ్చి అయిదు పుచ్చుకొనుట నష్టపు బేరము గదా యని ఒక తండ్రి అడిగిరి. మంచి ప్రశ్నయే. నిప్పు మాత్రమే గలవాడు నీటిలో పడినచో ఆ నిప్పు వృథా. ఎగురుట మాత్రమే గలవాడు సొరంగములో వృథా. మార్పుశక్తి గలవానికి ఎచ్చటను వృథా యనునది లేదు. ఆ పూటకు పనికివచ్చునదే వాని చేత నుండును. ఎక్కువగా ఇచ్చిన 12 పాయింట్లు ఆ సౌకర్యమునకు వెల. పైగా 42 పాయింట్లు అచ్చట వ్యయమైనందున, తక్కినవన్నియు మిగిలిన 108తోనే సరిపెట్టుకొనవలసి యుండును. అద్దం తనంత తానుగా తక్కినవారికంటె కొంచెము బలహీనుడు కావలయుననియే గ్రంథకర్త ఉద్దేశమని మాకు తోచుచున్నది.

ఇప్పుడు ఆనాటి లెక్కను చూడుడు. నిప్పు 20, ఎగురుట 16, బలము 24, మొత్తము 60. నిధి 30 మాత్రమే. ఆ బాలుడు తీసికొన్న శక్తినెల్ల సంచిలో వేసికొనినట్లు పోగుచేసికొనెను. నియమమో, నిధి పట్టినంతవఱకే ధరింపుమని చెప్పుచున్నది. కొఱవి నిప్పును పూర్తిగా తీసికొన్నచో నిధిలో మిగులునది 10; దానితో ఎగురుట 5 మెట్లు వచ్చును, 8 రావు. బండ బలమునకు తావే లేదు. బలము కావలెనన్న నిప్పును విడువవలెను. ఇది దొంగతనము కాదు, అబద్ధము కాదు. ఆ బాలుడు ‘అనుకరించును’ అను మాటను చదివి, దాని క్రింది రెండు పంక్తులను చదువలేదు. మేము లెక్క వేసి చూపగా వాడే పలకమీద మఱల కూడి, కూడినది సరియేయని ఒప్పుకొనెను.

కాలము విషయమునను ఒక పొరపాటు జరిగినది. ఈ ఆటలో ఒక వంతు ఆఱు సెకండ్ల కాలము. ఆ వంతులో పాత్రకు ఒక ముఖ్యకార్యము, ఒక కదలిక మాత్రమే లభించును. మార్పుశక్తితో నిధిని తిరుగవేయుటయే ఒక ముఖ్యకార్యము. అనగా నిప్పును తీసికొన్న వంతులోనే దానిని విసరుటకు వీలులేదు. ఆనాడు అద్దం ఒక్క వంతులో ముమ్మాఱు తీసికొని ముమ్మాఱు ప్రయోగించెను. క్షణములో మార్చుకొను సౌకర్యము గ్రంథములో లేకపోలేదు; దానికి మెట్టునకు మఱి 2 పాయింట్లు అధికముగా ఇయ్యవలయును. అప్పుడు 6 మెట్లకు 42 కాదు, 54. పాత్ర స్పృహ తప్పినచో తీసికొన్న శక్తులన్నియు జాఱిపోవును, అదియు గుర్తుంచుకొనవలసినదే.

మాకు మిక్కిలి రుచించినది గుఱి సంగతి. తలుపు కదలదు గనుక ఆనాడు దీని ప్రసక్తి రాలేదు. శత్రువు ఎదుట నిలిచినప్పుడు వచ్చును. కొఱవి తన నిప్పునకు 20 పాయింట్లిచ్చుటయే కాక, దానిని గుఱిచూచి కొట్టు నేర్పునకు వేఱుగా పాయింట్లిచ్చి 10 గుఱి సంపాదించుకొన్నది. అద్దం గుఱి 4. ఎదుటివాని తప్పుకొను సామర్థ్యము 10 అనుకొందము. అప్పుడు పాచిక మీద పడినదానికి గుఱిని కలుపగా 20 గాని అంతకుమించి గాని రావలయును. కొఱవికి 10 పడినను చాలును. ఇరువది ముఖములలో 10 మొదలు 20 వఱకు పదునొకండు ముఖములు ఆమెకు అనుకూలము. నూటికి 55 పాళ్లు. అద్దంకు 16 పడవలెను, అనుకూలముఖములు అయిదే, నూటికి 25 పాళ్లు. నిప్పు ఒక్కటే, మెట్లు ఒక్కటే. ఐనను ఏండ్ల తరబడి దానిని వాడిన చేతిలో నున్న నిప్పు వేఱు, ఇప్పుడే ఎరువు తెచ్చుకొన్న చేతిలో నున్న నిప్పు వేఱు. ఈ లెక్కను కొఱవి పాత్రధారిణి యైన బాలిక తానే వేసినది. వేసి, చాలసేపు ఆ 55ను, 25ను చూచుచు కూర్చున్నది.

గుఱిని కూడ నిధితో కొనరాదా యని అద్దం అడిగెను. కొనవచ్చును, కాని అప్పుడు నిప్పునకు పాయింట్లు తగ్గును. అదియును గాక, గుఱియు దెబ్బ మెట్లును కలిపి శక్తిస్థాయికి రెట్టింపు మించరాదని ఒక హద్దు గలదు. పదవ స్థాయిలో ఆ మొత్తము 20. గుఱి 10 ఉన్నవాడు, 14 మెట్ల నిప్పు గల మహాశత్రువు ఎదురైనను, 10 మెట్లకు మించి గ్రహింపలేడు. ఏటికి పోయినవాని కడవ యెంతో అంతే నీరు.

నియమమును సరిగా చదివినంతనే తగవు సగము తీఱినది. సగమే తీఱినదని మేము ఒప్పుకొనవలయును. అద్దం 30 పాయింట్లలోనే, ఒక వంతు ఆలస్యముగానే, కొఱవి పనిని ఆమెకంటె ముందుగా చేయుటకు ఇంకను అవకాశమున్నది. ఆ తల్లి అడిగిన ప్రశ్న పాయింట్లతో తీఱునది కాదు. ఇచ్చట గ్రంథము తుది నిర్ణయమును సూత్రధారికి వదలిపెట్టినది. మన సూత్రధారి పదునాఱేండ్ల బాలుడు, వాడు దానిని అందఱ ముందును పెట్టెను. మేము నోరు మెదపకుండ వినుచుంటిమి. అది సులభము కాలేదు.

కొఱవి ఒకటి కోరినది: ఎవరి శక్తియో వారు ఆ వంతులో దానిని వాడినగాని, వాడనని చెప్పినగాని, అద్దం దానిని వాడరాదు. అద్దం వెంటనే అడ్డుతగిలెను: “అట్లైతే నా నలభై రెండు పాయింట్లు దేనికి?” వాని మాటలోను న్యాయమున్నది. చాలసేపు వాదము జరిగినది. బండ పాత్రధారిణి, అంతవఱకు మాటాడనిది, రెండు తలుపులున్నప్పుడు ఏమి చేయుదురని అడిగినది. ఒక తలుపు తూర్పున, ఒక తలుపు పడమట. కొఱవి ఒక్కతెయే గదా! అప్పుడు రెండవ కొఱవి కావలెను. కొఱవి స్పృహతప్పి పడిపోయినప్పుడు ఆమె నిప్పు కావలెను. డేగ సెలవులకు ఊరికి పోయిన దినమున రెక్కలు కావలెను. ఇట్లు అద్దంకు చేయవలసిన పని తేలినది. సూత్రధారి తరువాతి కథలో కావలెననియే రెండు తలుపులు పెట్టెను. మా యెఱుకలో, ఈ పాత్రను ఆడించు నేర్పు సగము ఆడువానిది, సగము ఇట్టి తలుపులు పెట్టువానిది.

ఈ గ్రంథములో పాత్రకు కొన్ని చిక్కులు కల్పించుకొను పద్ధతియు గలదు. చిక్కు వలన కథలో ఇక్కట్టు కలిగినప్పుడు ఆడువానికి ఒక వీరాంకము లభించును. దానిని వెచ్చించి చెడిన పాచికను మఱల వేయవచ్చును. రెండవమాఱు 10 గాని అంతకు తక్కువ గాని పడినచో దానికి 10 కలుపుకొనవచ్చును. రోగ్ కథ విన్న పిమ్మట అద్దం పాత్రధారి తన కాగితముమీద ఒక చిక్కు వ్రాసికొనెను: ఎవరి శక్తి తీసికొందునో వారి భయము కూడ నాకు వచ్చును. కొఱవికి బల్లి యన్న భయమని ఆ బాలిక అప్పటికప్పుడు నిర్ణయించినది. ఆ మధ్యాహ్నము కర్మాగారములో ఎన్ని బల్లులు తిరిగినవో మేము లెక్కింపలేదు. అద్దంకు మాత్రము మూడు వీరాంకములు వచ్చినవి.

‘చాంపియన్స్’ ఆట ఈ చిక్కును వేఱొక రీతిగా పరిష్కరించినది. అందును నిధి గలదు. కాని నిధికి ఒక వెల, నిధిని తిప్పు అధికారమునకు ఒక వెల. అయిదవ కూర్పు లెక్కన 60 పాయింట్ల నిధికి 60, దానిని తిప్పుటకు అందులో సగము 30, వెరసి 90. ఎదుటనున్నవారి శక్తులను మాత్రమే తీసికొందునని హద్దు పెట్టుకొన్నచో తగ్గింపు లభించును. ఆ తగ్గింపు 30కే గాని 60కి వర్తింపదు. హద్దు విలువ అర అయినచో 30ని ఒకటిన్నరతో భాగింపగా 20, మొత్తము 80. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇది మంచి భిన్నముల లెక్క. ఆటగా మాత్రము మన చిన్నపిల్లలకు ఇది బరువని మా అభిప్రాయము.

ఈ చర్చ సాగుచుండగా, ధర్మరాజును తలచుకొన్న ఆ పెద్దాయన, “వాలికి ఎన్ని పాయింట్లు?” అని అడిగిరి. అందఱును నవ్విరి, పిమ్మట నిశ్శబ్దమైరి. ఎదుట నిలిచినవాని బలములో సగము వాలికి వచ్చునని మన పెద్దలు చెప్పగా విన్న కథ. అనుకరణ శక్తులలో ఇంతకంటె కఠినమైన లెక్క మాకు ఏ గ్రంథమునను కనబడలేదు. వాలి ఎదుటివాని బలమును చూచి వ్రాసికొనుట లేదు, తీసివేయుచున్నాడు, పారసైట్ వలె. దానికి ఆటలో ‘వీకెన్’ అను క్షీణింపజేయు శక్తి వేఱుగా కొనవలయును. ఆ తగ్గినది తనకు చేరుటకు మార్పుశక్తి కొనవలయును. అన్నిటికంటె పెద్ద చిక్కు ‘సగము’ అను మాట. ఎదుటివాని బలము 12 మెట్లైనచో సగము 6. 40 మెట్లైనచో సగము 20. శత్రువు ఎంత గొప్పవాడైన వాలి అంత గొప్పవాడగును. ఇన్ని మెట్లని ముందుగా చెప్పలేనిదానికి వెల కట్టుటెట్లు? మూడు గంటలు లెక్కలు వేసి, 150 పాయింట్లలో వాలి ఇమడడని తేల్చిరి. ఐనను ఉపాయము లేకపోలేదు. సూత్రధారి నడుపు ప్రతిపాత్రలకు పాయింట్ల హద్దు లేదు. వాలిని ఎవరును ఆడరు, వాలికి ఎదురుగా ఆడుదురు. త్రైమాసిక పరీక్షల సెలవులకు ఆ కథ నిర్ణయమైనది.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు. ఈ ఆటకు బిడ్డకొక గ్రంథము కొననక్కఱలేదు. ఎనిమిదిమందికి ఒక్క గ్రంథము, ఒక్క పాచిక చాలును. ఒక్క కూర్చోలు మూడు గంటలకు మించకుండ చూచుకొనుడు. కాగితముమీది కూడికలను మీరు వేసి పెట్టకుడు. తప్పు కనబడినను ఎదుటి పిల్లలు పట్టుకొనువఱకు ఓపికపట్టుడు. మీ బిడ్డ శక్తిని మఱియొకడు తీసికొన్నాడని ఫిర్యాదు వచ్చినచో, మొదట ఆ రెండు కాగితములను తెప్పించి నిధి యెంత, వెచ్చించినది యెంత యని చూడుడు. లెక్క సరిగా నున్నను బిడ్డ ముఖము వాడియున్నచో, ఆ సంగతి సూత్రధారితో మాటాడుమని బిడ్డనే పంపుడు.

వాలి కథ మాట వచ్చిననాడు కొఱవి పాత్రధారిణి ఒక ప్రశ్న వేసినది: ఎదుట నిలువక, చెట్టు చాటునుండి నిప్పు విసిరినచో సగము పోవునా? సూత్రధారి గ్రంథమంతయు తిరుగవేసెను. ఎదుట నిలిచినవారికే అది వర్తించునని హద్దు పెట్టితిమి గావున పోదనియు, కాని కనబడకుండ చెట్టు చేరుటకు వేఱుగా పాచిక వేయవలయుననియు చెప్పెను. ఆమె తన కాగితములో మిగిలియున్న రెండు పాయింట్లను మాటున నడచు నేర్పునకు వ్రాసికొన్నది. అద్దం ఆ కాగితములోనికి తొంగిచూచెను. ఆమె చేయి అడ్డముపెట్టినది.

ఆట ప్రతి రెండవ శనివారమును మధ్యాహ్నము రెండు గంటలకు పాఠశాల వరండాలో జరుగును. చూడగోరువారు రావచ్చును. కుర్చీలు తక్కువ, చాప తెచ్చుకొనుడు.